పంచదార తలుపు

ఏమీ చెయ్యకండి, ఊరికే చూస్తూ కూర్చోండి, గంటలో తెలిసిపోతుంది అని చెప్పి వెళ్ళాడు పిల్లల డాక్టరు, ఊరికే కూర్చోవడం అందరికీ చేతనయ్యే పనే అన్నట్టు. రెండూ పదికి నర్సు సీసాతో ముప్ఫై మిల్లీలీటర్లు కొత్త పాలు పట్టింది, కాగితం మీద టైము రాసింది, పాప కింద కొత్త తెల్లగుడ్డ వేసింది, పోయింది. ఇప్పుడు రెండూ పదహారు. గోడ గడియారాన్ని నమ్మితే రెండూ ఇరవై మూడు, అది ఏడు నిమిషాలు ముందు నడుస్తుంది, ఇంతమంది పిల్లల ప్రాణాలు టైము చూసి నడిపే చోట స్టూలెక్కి ఆ ముల్లు వెనక్కి తిప్పే నాథుడు లేడు, నాలుగు రోజులుగా కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పాను, అందరూ అవునమ్మా అది ముందుంటుంది అంటారు, ముందుండడం దాని ఉద్యోగమైనట్టు. ఇరవై మూడు రోజుల మనిషి నా కూతురు. బుడంకాయ అని వాళ్ళ నాన్న పిలిచే పిలుపు తప్ప ఇంకా పేరు కూడా లేదు. పుట్టినప్పుడు మూడు కిలోల వంద గ్రాములు, ఇవాళ పొద్దున్న రెండు కిలోల నాలుగు వందలు, చేతిలోకి తీసుకుంటే గుడ్డల బరువెంతో పిల్ల బరువెంతో తెలియదు. ఉచ్చ వేరే పడడానికి చిన్న ప్లాస్టిక్ సంచి అతికించారు కాబట్టి ఆ గుడ్డ తడిసిందంటే అది విరేచనమే. గంటసేపు గుడ్డ పొడిగా ఉంటే డాక్టరు అనుకున్నది నిజం, ఈ కొత్త పాలతో పిల్ల బతుకుతుంది. తడిస్తే తన దగ్గర ఇంకో ఊహ లేదని కూడా ఆయనే చెప్పాడు, ఎదురుగా నిలబడి, కళ్ళలోకి చూసి. నిజాయితీపరుడు పాపం, ఆ నిజాయితీ కాస్త తగ్గించుకున్నా నేనేమీ అనుకునేదాన్ని కాదు.

మంచానికి అటువైపు స్టూలు మీద మా అత్తగారు. ఆవిడకి కూర్చోవడం వచ్చు. ముప్ఫై రెండేళ్ళు కుట్టుమిషను ముందు కూర్చుని ఊళ్ళోవాళ్ళ బట్టలు కుట్టిన మనిషి, నడుము నిటారుగా పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, మాట్లాడకుండా. ఆ మాట్లాడకపోవడమే నాకు ఒళ్ళు మండిస్తోంది. ఇంట్లో ఉన్నన్ని రోజులూ నోటికి విశ్రాంతి ఇచ్చిన పాపాన పోలేదు, పిల్ల పొట్ట ఉబ్బింది, పిల్ల కళ్ళు గుంటలు పడ్డాయి, నువ్వు కారం తిన్నావు, నువ్వు తల తడిపావు, ఫ్యాను కింద పడుకోబెట్టావు, ఒకటా రెండా. తీరా ఇప్పుడు మౌనవ్రతం. ఒక్క మాట మాత్రం ఆవిడ నాలుక చివర ఉంది, నాకు తెలుసు, నాలుగు రోజులుగా దాన్ని మింగుతూనే ఉన్నారు, అదేదో అనేస్తే నేనూ ఒకటి అనేసి గుండెల్లో బరువు దింపుకుందును. అనరు. బుడంకాయ చెంప మీద పడిన దూదిపోగు ఒకటి వేలితో తీసి కొంగుకి తుడుచుకున్నారు, మళ్ళీ నిటారుగా కూర్చున్నారు.

ఆ మాటకి మూలం నాకు కంఠతా వచ్చు. పాప పుట్టిన ఎనిమిదో రోజు, వంటగదిలో, నేను పాప గుడ్డలు వేడినీళ్ళలో జాడిస్తుంటే ఆవిడ గుమ్మంలో నిలబడ్డారు.

“అమ్మాయ్, నీ పాలే దానికి పడట్లేదేమోనే. ఒక్కరోజు ఆపి చూడరాదూ?”

నేను పదకొండేళ్ళుగా జీవశాస్త్రం చెప్పే టీచర్ని, నేను పాఠం చెబితే పక్క క్లాసు పిల్లలు కూడా నోట్సు రాసుకుంటారని మా హెడ్మాస్టరు వేళాకోళం ఆడతాడు. చేతుల్లోంచి సబ్బునీళ్ళు కారుతుండగా అరగంట చెప్పాను. తల్లిపాలని మించింది లేదత్తయ్యా, రోగాలని ఆపేవన్నీ వాటిలోనే ఉంటాయత్తయ్యా, తల్లి పాలు పడని పిల్ల లోకంలో ఉంటుందా, మీ కాలం మాటలు మీ దగ్గరే పెట్టుకోండి. ఆ చివరి వాక్యం ఏ పాఠంలోనూ లేదు, నా సొంతం. ఆవిడ సరేనమ్మా అని వెళ్ళి పాత దుప్పటి కత్తిరించి ఇంకో ఎనిమిది గుడ్డలు అంచులు కుట్టి పెట్టారు, ఎందుకంటే ఉన్నవి సరిపోవడం లేదు. అంతకు ముందు వారమైతే ఆ తడిసిన గుడ్డలు చూసి ఇద్దరం మురిసిపోయేవాళ్ళం, చూశావా ఎంత బాగా ఉచ్చ పోస్తోందో, పాలు సరిపోతున్నాయన్నమాట అని. అది ఉచ్చ కాదు. రంగూ వాసనా లేకుండా నీళ్ళలా పోయేదాన్ని చూసి ఉచ్చ అనుకున్నాం, ఒకరేమో నలుగురు పిల్లల్ని పెంచిన మనిషి, ఇంకొకరేమో విసర్జన వ్యవస్థ బొమ్మలు రంగుల సుద్దతో గీసే మనిషి. ఇద్దరిలో ఎవరికి ఎక్కువ సిగ్గుండాలో నాకు తెలుసు.

ఇప్పుడు నిజంగానే రెండూ ఇరవై మూడు. గుడ్డ అంచు పైకెత్తి చూశాను, పొడిగానే ఉంది. అలా నిమిషనిమిషానికీ ఎత్తకండమ్మా, చలేస్తుంది అంది నర్సు అటు పోతూ, చూస్తూ కూర్చోమన్నది వాళ్ళే, చూస్తే ఎందుకు చూశావన్నదీ వాళ్ళే. పక్క మంచం ఆవిడ తన కొడుకుని ఒళ్ళో వేసుకుని పాలిస్తోంది, వాడు గుమ్మడికాయలా ఉన్నాడు, ఏ రోగానికి తెచ్చారో చెవిలో ఏదో అయిందట, గుటకలు ఈ మూలకి వినిపిస్తున్నాయి. ఆవిడ ఒక చేత్తో వాణ్ణి పట్టుకుని ఇంకో చేత్తో బిస్కెట్టు నముల్తూ ఫోనులో ఏదో చూసి నవ్వుతోంది. తప్పేమీ లేదు. తల్లి పాలివ్వడం ఒక విశేషమా ఏమిటి, బిస్కెట్టు తింటూ చేసే పని. ఆ గుటకలు విన్నప్పుడల్లా నా రొమ్ములు రెండూ సలుపుతున్నాయి, జాకెట్టు లోపల మడతపెట్టి దోపుకున్న గుడ్డలు తడుస్తున్నాయి. నిన్న పిండేసి వాష్‌బేసిన్‌లో పోశాను. పోస్తుంటే ఎంత చిక్కగా ఉన్నాయో. ఒంటికి ఎవరు చెప్పాలి, ఇంక తయారుచెయ్యకు, నీ సరుకు పుచ్చిపోయిందని.

కాదు, పుచ్చిపోలేదు. సరుకు మంచిదే. తలుపు తెరుచుకోదు. పాఠ్యపుస్తకంలో దాని పేరు చదివితే నాలుక మడతపడుతుంది, అందుకని నేను బోర్డు మీద పేగుగోడ గీసి, గోడలో ఒక కణం గీసి, దాని నెత్తిన చిన్న గుమ్మం గీసి, ఇది పంచదార తలుపు అనేదాన్ని. ప్రోటీన్‌తో చేసిన తలుపు, ఒక్కో కణానికి వేలకొద్దీ ఉంటాయి. గ్లూకోజ్ ఒంటరిగా వచ్చి తడితే తియ్యదు. ఉప్పులోని సోడియం రెండు తోడు రావాలి, అప్పుడు తెరిచి ముగ్గురినీ కలిపి లోపలికి పంపుతుంది, వాళ్ళ వెనకాలే నీళ్ళు పోతాయి. కణానికి వెనకవైపు ఇంకో తలుపు, అందులోంచి పంచదార రక్తంలోకి. అందుకే పిల్లలూ, విరేచనాలైతే ఒట్టి నీళ్ళు ఇవ్వం, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు ఇస్తాం, రాసుకోండి, నాలుగు మార్కుల ప్రశ్న, ఏటా వస్తుంది. ఏటా వచ్చింది కూడా. నేను ఆ నాలుగు మార్కుల ప్రకారమే నా కూతుర్ని పెంచాను. వీధి చివర క్లినిక్‌లో ఓఆర్ఎస్ పొట్లాలు ఇచ్చి, పాలు మానొద్దు, ఇవి చెంచాతో పట్టండి అంటే, పట్టడమంటే మామూలుగా పట్టలేదు, స్కూలు ల్యాబ్‌లోంచి గీతలున్న గాజు జాడీ తెప్పించుకున్నాను, కాచి చల్లార్చిన నీళ్ళు కొలిచి పొట్లం కలిపాను, తడిసిన గుడ్డని వంటింటి త్రాసులో తూచి, పొడిగుడ్డ బరువు తీసేసి, ఎంత పోయిందో అంతా చెంచా చెంచాగా తిరిగి పట్టాను. పోయినకొద్దీ పట్టాను. పట్టినకొద్దీ పోయింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, ఆ సామెత చెప్పినవాళ్ళు నన్ను చూసి చెప్పలేదు కదా అనిపిస్తోంది.

ఇక్కడికి తెచ్చిన రోజు ఈ డాక్టరు ఏమేం పట్టారమ్మా అని అడిగితే మొత్తం అప్పజెప్పాను, ఎన్నో తారీఖున ఎన్ని మిల్లీలీటర్లు, కాగితం చూడకుండా. గర్వంగానే చెప్పాను, ఇప్పుడు దాచి ఏం లాభం. మంచి విద్యార్థిని మెచ్చుకున్నట్టు మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన రాసుకోవడం ఆపి పెన్ను మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. ఒకరోజంతా నోటికి ఏమీ ఇవ్వకుండా ఒట్టి సెలైన్ మీద ఉంచాడు, విరేచనాలు టక్కున ఆగిపోయాయి. తర్వాత గ్లూకోజ్ నీళ్ళు కొంచెం పట్టించాడు. నలభై నిమిషాలకి గుడ్డంతా తడి. అప్పుడు నన్ను కూర్చోబెట్టి, గ్లూకోజ్‌ని లోపలికి తీసుకునే తలుపు పుట్టుకతోనే పనిచెయ్యనట్టుంది మేడమ్, చాలా అరుదు అన్నాడు. నా తలుపు! పదకొండేళ్ళు నేను సుద్దతో గీసిన తలుపు! పాలలో ఉన్న పంచదార పేగులోకి పోగానే గ్లూకోజ్, గాలక్టోజ్ అని రెండు ముక్కలవుతుంది, రెండింటికీ దారి ఆ తలుపే, లోపలికి పోలేని పంచదార ఊరుకోకుండా పేగులో కూర్చుని ఒంట్లో నీళ్ళని తనవైపు లాక్కుంటుంది, ఇదంతా ఆయన చెబుతుంటే నేను ఆయనకంటే ఒక వాక్యం ముందున్నాను. ముందుండి ఏం లాభం, గోడ గడియారం కూడా ముందే ఉంది. నా పాలు ఒక చెంచా, నా కొలతల నీళ్ళు ఒక చెంచా, రెండూ మార్చి మార్చి నా చేత్తో నేనే పట్టాను.

ఫోను. మా ఆయన. లిఫ్టులు బాగుచేసే పని, ఇవాళ ఏదో తొమ్మిదంతస్తుల భవనంలో లిఫ్టు మధ్యలో ఆగి లోపల ఇద్దరు ఇరుక్కున్నారని సెలవు ఇవ్వలేదు. వాళ్ళని తీసే పనిలో ఉండే ఇప్పటికి నాకు ఆరుసార్లు చేశాడు.

“ఎంతసేపయింది?”

“ఇరవై తొమ్మిది నిమిషాలు.”

“ఏమైనా…?”

“ఏమైనా అయితే నేనే చేస్తానన్నానా లేదా?”

“అన్నావు. సరే, పది నిమిషాలాగి చేస్తాను.”

ఇదీ వరస. ఆ మనిషి మీద కోప్పడదామంటే అన్నిటికీ సరే అంటాడు, కోప్పడకుండా ఉందామంటే నాకు ఇంకెవరున్నారు కోప్పడడానికి. ఈ జబ్బు ఎవరి వైపునుంచి వచ్చిందని డాక్టర్ని అడిగిన రోజున నేనూ మా అత్తగారూ ఒకేసారి నోరు తెరిచి మా వైపు ఎవరికీ లేదండీ అన్నాం, ఒకే స్వరంతో, బళ్ళో పిల్లల్లాగా. ఆయన నవ్వకుండా, ఇద్దరి వైపు నుంచీ సగం సగం వస్తేనే వస్తుందమ్మా, ఒక్క వైపు నుంచి రాదు అన్నాడు. ఇద్దరం నిరాశపడ్డాం.

రెండూ నలభై రెండు. ఈ కొత్త పాలలో పళ్ళ పంచదార కలిపారు, ఫ్రక్టోజ్. దాని తలుపు వేరే. దానికి సోడియం తోడు రానక్కర్లేదు, లోపల తక్కువగా ఉంటే చాలు, దానంతటదే నెమ్మదిగా జారిపోతుంది. దాన్ని నేను బోర్డు మూల చిన్నగా గీసి, ఇది అంత ముఖ్యం కాదర్రా, పరీక్షకి రాదు అని చెరిపేసేదాన్ని. ఒకసారి మూడో బెంచీలో కూర్చునే పిల్ల, ఎప్పుడూ చెయ్యెత్తి ప్రాణం తీసే పిల్ల, ఆ పెద్ద తలుపు లేకుండా ఎవరైనా పుడితే ఏమవుతుంది టీచర్ అని అడిగింది. గంట కొట్టడానికి నాలుగు నిమిషాలుంది, సిలబస్ ఇంకా సగం మిగిలుంది. అది సిలబస్‌లో లేదు, కూర్చో అన్నాను. ఆ పిల్ల కూర్చుంది. నాకు జవాబు తెలియక కాదు, ఆలోచిస్తే తెలిసేది, ఆలోచించడానికి ఒక్క నిమిషం చాలు, ఆ ఒక్క నిమిషం ఆ రోజు పెట్టుంటే ఎనిమిదో రోజున ఆ గుమ్మంలో నిలబడ్డావిడకి పాఠం చెప్పేదాన్ని కాదేమో, అవునత్తయ్యా ఆపి చూద్దాం అనేదాన్నేమో, ఏడు వందల గ్రాములు పిల్ల ఒంటి మీదే ఉండేవేమో. ఏమో, ఏమో. అదీ నా వల్ల అయ్యేది కాదు, నేను పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్ళు.

రెండూ నలభై తొమ్మిది. నిన్న గ్లూకోజ్ నీళ్ళకి గుడ్డ తడిసింది పట్టిన ఇన్ని నిమిషాలకే. బుడంకాయ ముఖం ఎర్రబడింది. కనుబొమల మధ్య ముడి, పిడికిళ్ళు బిగిశాయి, కాళ్ళు పొట్టలోకి ముడుచుకుంటోంది. వద్దమ్మా. వద్దు. నేను లేచి నిలబడ్డాను, అత్తగారు కూడా లేచారు, ఆవిడ స్టూలు వెనక్కి పడి పెద్ద చప్పుడైంది, పక్క మంచం గుమ్మడికాయ ఉలిక్కిపడి ఏడుపు లంకించుకున్నాడు. ఇద్దరం చెరోవైపు నుంచి గుడ్డ మీదికి వంగాం, తలలు ఢీకొన్నాయి. చిన్న చప్పుడు వచ్చింది, మా అందరికీ వచ్చే చప్పుడే. గాలి. ముఖం మామూలయింది, కాళ్ళు చాపుకుంది, నిద్రపోయింది, తల్లీ నానమ్మా నుదుళ్ళు రుద్దుకుంటూ నిలబడి ఉండగా. నాకు నవ్వొచ్చింది, వచ్చిన నవ్వు సగంలో ఏడుపైంది. అత్తగారు స్టూలు లేపి సరిగ్గా పెట్టి దాని మీద కూర్చోకుండా పట్టుకు నిలబడ్డారు.

తర్వాత ఇరవై నిమిషాలు ఎలా పోయాయో చెప్పలేను, ఆ ఇరవై నిమిషాల్లో నేను దేని గురించీ ఆలోచించలేదు, గుడ్డనే చూశాను, దాని నేతలో నిలువు పోగులూ అడ్డపోగులూ చూశాను. మూడూ పది అయింది. మూడూ పదిహేను అయింది. గంటలో వస్తానన్న డాక్టరు మూడూ ముప్ఫైకి వచ్చాడు, వచ్చి ముందు పక్క మంచం చెవిలో లైటు వేసి చూశాడు, వాడి చెవికేం తొందరయ్యా బాబూ. చివరికి మా దగ్గరికి వచ్చి, గుడ్డ తీసి, అరచెయ్యి దాని మీద ఆనించి కాసేపు ఉంచాడు.

“పొడిగా ఉంది మేడమ్. మనం అనుకున్నదే. ఇదే పాలు పెంచుకుంటూ పోదాం, నాలుగు రోజుల్లో బరువు పెరగడం మొదలవుతుంది.”

“నా పాలు?”

“ఇవ్వకూడదు. ఒక్క చుక్క కూడా.”

“ఎన్నాళ్ళు?”

ఆయన పెన్ను మూత పెట్టాడు. “ఎప్పటికీ” అన్నాడు.

సంతోషం. సంతోషం కాక ఏమిటి, పిల్ల బతికింది, నాలుగు రోజులుగా నేను కోరుకున్నది అదొక్కటే. మా ఆయనకి ఫోను చేస్తే అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు, వెనక ఎవరో లిఫ్టు లోంచి అరుస్తున్నారు. డాక్టరు వెళ్ళిపోయాడు. నేను అత్తగారి వైపు తిరిగాను. ఇంక నా వల్ల కాలేదు.

“అనండి అత్తయ్యా. ఆ రోజే చెప్పానుగా అనండి. అనేస్తే ఇద్దరికీ పీడా వదులుతుంది.”

ఆవిడ నన్ను చూశారు. కోపంగా కాదు, అలిసిపోయి.

“ఏమనమంటావే? నా మాట నిజం కావాలని నేనేమైనా కోరుకున్నానా?”

నాలుగు రోజులుగా ఆవిడ మింగుతున్నది గెలుపు అనుకున్నాను. ఈలోగా బుడంకాయ లేచింది. ఇన్నాళ్ళూ పిల్లిపిల్లలా మూలిగిన పిల్ల గొంతు చించుకుని ఏడ్చింది, ఆకలి ఏడుపు, అచ్చంగా ఆకలి. నర్సు సీసా తెచ్చి నా చేతికిచ్చింది. పాపని ఒళ్ళోకి తీసుకుని సీసా నోటికి ఆనించాను, అది తల తిప్పుకుని నా జాకెట్టు మీద తడిసిన చోటికి ముఖం పెట్టేసింది, నోరు తెరిచి వెతికింది. జరిపాను. మళ్ళీ వెతికింది. సీసా పెడితే ఉమ్మేసి, నావైపు తిరిగి, దొరకక, నీలుక్కుపోయి ఏడ్చింది. నేను ఒంటి చేత్తో దాని ముఖాన్ని నా దగ్గర్నుంచి నెట్టాను. నా పిల్ల ముఖాన్ని, నా చేత్తో.

“ఇటివ్వు తల్లీ” అన్నారు అత్తగారు. “నీ దగ్గర పాలవాసన తెలుస్తోంది దానికి. నువ్వుంటే తాగదు. కాసేపు బయటికెళ్ళు.”

నన్ను పొమ్మనడానికి ఈవిడెవరు అనుకున్నాను. మళ్ళీ నిజమే చెప్పింది మహాతల్లి అనుకున్నాను. పిల్లనిచ్చేశాను, సీసా ఇచ్చేశాను, వార్డు తలుపు నా వెనకాల మూసుకుంది. వరండాలో రెండు చేతులూ రొమ్ముల మీద గట్టిగా కట్టుకుని గోడకి ఆనుకున్నాను, ఎదురుగా వస్తున్న ఒకాయన నా జాకెట్టు చూసి కళ్ళు నేలకేసుకుని పోయాడు. లోపల ఏడుపు పెరిగింది, తగ్గింది, ఒకసారి తెగింది, మళ్ళీ మొదలై, ఆగిపోయింది. తాగుతోంది. ప్రాణం లేచొచ్చింది. అంత తొందరగా ఆగిపోయినందుకు దాని మీద కోపం కూడా వచ్చింది, ఇరవై మూడు రోజుల పిల్ల మీద, నిజంగానే కోపం. సీసా అయిపోయేదాకా నేను లోపలికి వెళ్ళలేదు.